డ్రగ్స్ గురించి పిల్లలకు వీడియోతో చెప్పాలంటే: ఏది వేయాలి, ఎక్కడ ఆపాలి

ప్రశ్న: "13 నుంచి 15 ఏళ్ల పిల్లలు 40 మంది. డ్రగ్స్ మీద అవగాహన కల్పించమని 45 నిమిషాల పీరియడ్ ఒకటి ఇచ్చారు. 35 నిమిషాల డాక్యుమెంటరీ దొరికింది. చూస్తే పెద్దవాళ్లకే ఒళ్లు జలదరిస్తుంది. అది వేసి చివరి పది నిమిషాలు సందేహాలు అడగమంటే సరిపోతుందా? ఇంకేం వీడియోలు వాడొచ్చు?"

సరిపోదు. ఆ జలదరింపే దాన్ని పక్కన పెట్టడానికి మొదటి కారణం. 35 నిమిషాల సినిమా బదులు 4 నిమిషాల క్లిప్ తీసుకోండి. దాన్ని రెండు చోట్ల ఆపండి. మిగతా పీరియడంతా పిల్లల చేత మాట్లాడించండి. వీడియో బాగా చేయగలిగిన పని ఒక్కటే, ఒక సన్నివేశాన్ని 40 మంది ముందూ ఒకేసారి పెట్టడం. నేర్చుకోవడం మీరు పాజ్ నొక్కాకే మొదలవుతుంది.

భయపెడితే ఎందుకు పనిచేయదో పిల్లాడి వైపు నుంచి చూడండి. తెర మీద సూదులు, వణికే శరీరం, ఆస్పత్రి మంచం. వాడికి తెలిసిన ప్రపంచంలో మాత్రం ఒక సీనియర్ ఆర్నెల్లుగా గంజాయి తాగుతున్నాడు, ఆడుతున్నాడు, పరీక్ష కూడా పాసయ్యాడు. ఈ రెండు బొమ్మలకూ పొత్తు కుదరదు. కుదరనప్పుడు వాడు కళ్లారా చూసిందే నమ్ముతాడు. మీరు రేపు నిజంగా ప్రమాదకరమైన విషయం చెప్పినా, అదీ అతిశయోక్తే అనుకుంటాడు. ఇక క్లాసులో ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు ఉంటారు, దెయ్యాల సినిమాలు ఇష్టపడే రకం. వాళ్లకు ఆ భయం ఒక ఆకర్షణ. అసలు ప్రమాదం అంచున ఉండేది కూడా తరచూ వాళ్లే.

ఇది ఊహ కాదు. 1983లో లాస్ ఏంజెలెస్‌లో మొదలై అమెరికా అంతటా పాకిన డేర్ కార్యక్రమంలో పోలీసు అధికారులు క్లాసుకొచ్చి పాఠం చెప్పేవారు. దాని మీద జరిగిన దీర్ఘకాలిక అధ్యయనాలను అక్కడి ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2003లో పరిశీలించింది. ఆ పాఠాలు విన్నవాళ్లకూ విననివాళ్లకూ డ్రగ్స్ వాడకంలో చెప్పుకోదగ్గ తేడా లేదని తేలింది. తర్వాత డేర్ సంస్థ తన పాఠాలనే మార్చుకుంది. వీడియోల విషయంలో ఇంకా సూటి ఉదాహరణ, 1998 నుంచి 2004 దాకా దాదాపు 100 కోట్ల డాలర్లతో అమెరికా ప్రభుత్వం పిల్లల కోసం నడిపిన టీవీ ప్రకటనల ప్రచారం. 2008లో వచ్చిన మూల్యాంకనం ప్రకారం అది గంజాయి వాడకాన్ని తగ్గించలేదు సరికదా, ఎక్కువసార్లు ఆ ప్రకటనలు చూసినవాళ్లలో కొన్ని చోట్ల అది ఎదురుతిరిగిందన్న సూచనలు కనిపించాయి. పరిశోధకులు ఇచ్చిన ఒక వివరణ ఏమిటంటే, రోజూ "వాడొద్దు, వాడొద్దు" అని వినిపిస్తుంటే "అంటే అందరూ వాడుతున్నారన్నమాట" అని పిల్లలకు అర్థమైంది. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి, క్లిప్ ఎంచుకునేటప్పుడు పనికొస్తుంది.

ఐక్యరాజ్యసమితి డ్రగ్స్, నేరాల విభాగం 2013లో నివారణ ప్రమాణాలు ప్రచురించింది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి వాటిని సవరించింది. బడుల్లో పనిచేసినట్టు తేలినవి: పిల్లలు పాల్గొనే పద్ధతి, వారానికొకటి చొప్పున 10 నుంచి 15 సెషన్లు, శిక్షణ పొందిన వ్యక్తి, నైపుణ్యాలను సాధన చేయించడం, "అందరూ వాడుతున్నారు" అన్న అపోహను తొలగించడం. పనిచేయనివి: ఏకబిగిన ఉపన్యాసం, భయపెట్టడం, పోలీసుల చేత చెప్పించడం, ఒకప్పుడు డ్రగ్స్ వాడి మానేసినవాళ్లను తెచ్చి అనుభవాలు చెప్పించడం. చివరిది చాలామందికి మింగుడుపడదు, ఎందుకంటే అలాంటి వీడియోలే ఎక్కువ దొరుకుతాయి, అవే కంటతడి పెట్టిస్తాయి. కానీ తెర మీద చక్కగా మాట్లాడుతున్న, ఇప్పుడు బాగానే ఉన్న మనిషిని చూసి 14 ఏళ్ల పిల్ల తీసుకునే పాఠం "ఇంత జరిగినా తిరిగి రావచ్చు" అన్నదే కావచ్చు.

మీకున్నది ఒక్క పీరియడే. అందుకే ముందే చెప్పాలి, ఒక్క క్లాసుతో ప్రవర్తన మారదు. కుదిరితే వరుసగా నాలుగైదు అడగండి. యూరప్‌లో ఏడు దేశాల్లో పరీక్షించిన అన్‌ప్లగ్డ్ అనే కార్యక్రమం 12 పాఠాలు, 12 నుంచి 14 ఏళ్లవాళ్ల కోసం. అందులో డ్రగ్స్ గురించిన సమాచారం కొంతే, మిగతాదంతా ఒత్తిడిని తట్టుకోవడం, నిర్ణయం తీసుకోవడం, కాదనడం లాంటివి. ఒక్క పీరియడే దొరికితే ఒకే లక్ష్యం పెట్టుకోండి. "డ్రగ్స్ గురించి అన్నీ" అనేది లక్ష్యం కాదు. "ఎవరైనా వేప్ (ఈ-సిగరెట్) చేతికిస్తే ముఖం చెడకుండా ఎలా వద్దనాలి" అనేది లక్ష్యం.

ఇక క్లిప్ ఎంపిక. 3 నుంచి 6 నిమిషాలు. ఆన్‌లైన్ కోర్సుల మీద 2014లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో వీడియో ఎంత పొడుగున్నా మధ్యస్థంగా జనం చూసింది 6 నిమిషాల లోపే. క్లాసులో తలుపు వేసి ఉంటుంది కాబట్టి లేచి పోరు, కానీ మనసు పోతుంది. పాత్రల వయసు మీ పిల్లలకంటే ఒకటి రెండేళ్లు ఎక్కువ ఉండాలి. చిన్నవాళ్లయితే నవ్వుతారు, పాతికేళ్లవాళ్లయితే "అది వాళ్ల గొడవ" అంటారు. పర్యవసానం వెంటనే కనబడేది కావాలి, అంటే పరుగులో ఆయాసం, జట్టులోంచి తీసేయడం, స్నేహితుడితో చెడిపోవడం, డబ్బు కోసం అబద్ధం. ఇరవై ఏళ్ల తర్వాత వచ్చే క్యాన్సర్ 14 ఏళ్ల వయసుకు మరో గ్రహం మీది సంగతి. ఎలా వాడతారు, ఎంత వాడతారు, ఎక్కడ దాస్తారు, ఎలా దొరుకుతుంది అన్నవి ఒక్క క్షణం కనిపించినా ఆ క్లిప్ వద్దు. సిరంజి, పొడి, పొగ దగ్గరగా చూపించే షాట్లు కూడా వద్దు. క్లాసులో ఇప్పటికే మొదలుపెట్టినవాడు ఒకడుంటే ఆ దృశ్యం వాడిలో కోరికను రేపుతుంది. తెలియనివాడికి అది శిక్షణ అవుతుంది.

ఎంపికలో ఎక్కువమంది చేయని పరీక్ష ఒకటుంది. క్లిప్‌ను ఒకసారి సౌండ్ పూర్తిగా తీసేసి చూడండి. వ్యాఖ్యాత గొంతు "ఇది తప్పు" అంటుంటే, తెర మీద రంగుల లైట్లు, స్లో మోషన్‌లో నవ్వే అందమైన ముఖాలు, పార్టీ కనబడుతున్నాయా? అయితే మీ పిల్లలకు చేరేది ఆ పార్టీయే. చాలా సదుద్దేశపు వీడియోలు మొదటి రెండు నిమిషాలు మత్తును అద్భుతంగా చూపించి, చివరి 30 సెకన్లలో నీతి చెబుతాయి. ఆ రెండు నిమిషాలు గుర్తుంటాయి, 30 సెకన్లు గుర్తుండవు.

తర్వాత నిజాలు సరిచూసుకోవాలి. ఒక్క తప్పు దొరికితే ఫోన్ తీసి ఎదురు చూపించే పిల్లాడు ప్రతి క్లాసులోనూ ఉంటాడు. తరచూ కనిపించే తప్పులు ఇవి. మెదడులో నల్లటి రంధ్రాలు పడ్డట్టు చూపే రంగుల చిత్రాలు రంధ్రాలవి కావు. అవి రక్తప్రసరణను కొలిచే స్కాన్లు, ప్రసరణ తక్కువున్న చోటుకు నలుపు రంగు ఇస్తారు. ఎక్స్‌టసీ అనే డ్రగ్ ఒక్క రాత్రి వాడినా మెదడులోని డోపమైన్ కణాలు తీవ్రంగా దెబ్బతింటాయన్న పరిశోధన 2002లో సైన్స్ పత్రికలో వచ్చింది. సీసాల మీద లేబుళ్లు తారుమారై కోతులకు మెథాంఫెటమైన్ అనే వేరే డ్రగ్ ఇచ్చారని తేలి 2003లో దాన్ని ఉపసంహరించుకున్నారు. ఆ కాలపు వీడియోల్లో ఆ వాక్యం ఇంకా బతికే ఉంది. డోపమైన్‌ను "ఆనందపు రసాయనం" అనడం కూడా సగం నిజమే. అది ఆనందం కంటే "మళ్లీ కావాలి" అన్న తపనతో, ఏది వెంటపడదగినదో నేర్చుకోవడంతో ఎక్కువ ముడిపడి ఉంది. వ్యసనం బాగా ముదిరినవాళ్లు సుఖం లేకపోయినా ఎందుకు వాడుతూనే ఉంటారో ఈ తేడాతోనే అర్థమవుతుంది. "ఒక్కసారి ముట్టుకుంటే బానిసవే" అన్నది అబద్ధం, పిల్లలకు తెలుసు. "ఎవరికి అలవాటవుతుందో ముందు చెప్పలేం, చిన్న వయసులో మొదలుపెడితే ఆ అవకాశం పెరుగుతుంది" అన్నది నిజం. రెండోది చెప్పండి.

అతిశయోక్తి లేకుండానే గట్టిగా తాకే నిజాలు చాలా ఉన్నాయి. నికోటిన్ పీల్చిన 10 నుంచి 20 సెకన్లలో మెదడుకు చేరుతుంది, అలవాటు అంత త్వరగా పట్టడానికి ఆ వేగం ఒక కారణం. గంజాయి కలిపిన తినుబండారాల ప్రభావం మొదలవడానికి అరగంట నుంచి రెండు గంటలు పట్టొచ్చు. "ఏం కాలేదే" అని ఇంకొకటి తినడం వల్లే చాలామంది ఆస్పత్రి పాలవుతారు. థిన్నర్, జిగురు, స్ప్రే డబ్బాల్లోని వాయువులు పీలిస్తే గుండె లయ తప్పి మొదటిసారికే ప్రాణం పోవచ్చు, అంతకుముందు పూర్తి ఆరోగ్యంగా ఉన్నవాడికి కూడా. నిర్ణయాలను అదుపులో పెట్టే మెదడు ముందుభాగం 25 ఏళ్ల దాకా పక్వమవుతూనే ఉంటుంది. ఏ పదార్థం గురించి చెప్పాలన్నది వయసును బట్టి ఉంటుంది. 11 ఏళ్ల లోపువాళ్లకు మందుల జాగ్రత్త, ఇంట్లో ఉండే పీల్చకూడని వస్తువులు చాలు. పైన చెప్పిన వాయువుల సంగతి కూడా వాళ్లకు "ఇలా పీలుస్తారు" అన్న వివరం లేకుండా "వీటికి దూరంగా ఉండాలి, గాలి ఆడే చోటే వాడాలి" అని చెప్పాలి. మీ 13 నుంచి 15 ఏళ్లవాళ్లకు సిగరెట్, వేప్, మద్యం, గంజాయి. హెరాయిన్, కొకైన్‌తో మొదలుపెట్టకండి. వాళ్లకు ఎదురుపడేవి అవి కావు, వాటి గురించే మాట్లాడితే "మా దగ్గర ఉన్నది పరవాలేదన్నమాట" అనుకుంటారు. ఒకదానితో ఒకటి కలిపితే ఏమవుతుంది, డ్రైవింగ్, నకిలీ మాత్రలు, ఇవి 16 దాటినవాళ్లకు.

45 నిమిషాలు ఎలా పంచుకోవాలంటే:

మొదటి 5 నిమిషాలు నియమాలు. ఎవరి పేరూ చెప్పకూడదు, సొంత విషయం చెప్పక్కర్లేదు, "ఒకతను" "ఒకామె" అని మాట్లాడాలి. ఎవరైనా ప్రమాదంలో ఉన్నారని తెలిస్తే మీరు సంబంధిత పెద్దలకు చెప్పాల్సి ఉంటుందని కూడా ఇప్పుడే చెప్పండి, తర్వాత చెబితే నమ్మకద్రోహంలా ఉంటుంది.

తర్వాత 4 నిమిషాలు ఊహించడం. క్లిప్ వేయకముందే "ఇందులో ఒకతనికి ఫ్రెండ్ వేప్ ఇస్తాడు. అతను ఏమనుకుంటాడు, ఏమంటాడు, రాయండి" అనండి. రాసినవాడు చూస్తాడు, రాయనివాడు కిటికీలోంచి చూస్తాడు.

క్లిప్ 4 నిమిషాలు, కానీ ఆపులతో కలిపి 12 పడుతుంది. మొదటి ఆపు, చేతికి ఇచ్చిన క్షణంలో, జవాబు రాకముందు. "ఇప్పుడు అతని మనసులో ఉన్నవి ఏమిటి?" అని అడగండి. "అతను ఏం చేయాలి?" అని అడగకండి. దానికి మీకు నచ్చే జవాబే వస్తుంది. మొదటి ప్రశ్నకు అసలైనవి వస్తాయి: వాడు ఏమనుకుంటాడో, నన్ను వదిలేస్తారేమో, ఒక్కసారికి ఏమవుతుంది. ఇవన్నీ బోర్డు మీద రాయండి. రెండో ఆపు, పర్యవసానం కనిపించాక, వ్యాఖ్యాత మాట్లాడకముందు. వ్యాఖ్యాతను అసలు వినిపించకపోయినా నష్టం లేదు, ఆ పని పిల్లలే చేస్తారు.

చిన్న గుంపుల్లో 8 నిమిషాలు. నలుగురేసి, బోర్డు మీదున్న కారణాల్లో ఒక్కోటి ఒక్కో గుంపుకు. "ఈ ఆలోచన వచ్చినప్పుడు వద్దనడానికి నోటికి వచ్చే ఒక్క వాక్యం."

సాధన 12 నిమిషాలు, దీన్ని కోయకండి. సమయం చాలకపోతే ముందు ఎగిరిపోయేది ఇదే, పాఠంలో పనిచేసే భాగం కూడా ఇదే. ఇక్కడ ఒక జాగ్రత్త. "తీసుకోరా" అని బలవంతపెట్టే పాత్ర పిల్లలకు ఇవ్వకండి. అది బాగా నటించగలిగినవాడికి క్లాసంతా చప్పట్లు కొడుతుంది, మీరు ఒప్పించడం నేర్పినవారవుతారు. ఆ మాటలు మీరే అనండి, లేదా కార్డు మీద రాసి చదవండి. వద్దనే వాక్యం పొట్టిగా, సంజాయిషీ లేకుండా ఉండాలి. "వద్దురా, రేపు మ్యాచ్ ఉంది." "నాకు పడదు." "వద్దు. పద, బయటికెళ్దాం." కారణాలు ఎక్కువ చెప్పేకొద్దీ అవతలివాడికి వాదించడానికి అంత దొరుకుతుంది. ఒక్కొక్కరూ కనీసం రెండుసార్లు పైకి అనాలి. మనసులో అనుకోవడం లెక్కలోకి రాదు, ఆ క్షణంలో నోరు తిరగాలి.

చివరి 4 నిమిషాలు చీటీలు. పేరు లేకుండా, ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి రాయాలి, ప్రశ్న లేకపోతే "ప్రశ్న లేదు" అని. అప్పుడే నిజంగా అడిగినవాడు బయటపడడు. జవాబులు తర్వాతి క్లాసులో. సాయం కోసం ఎవరిని కలవాలి, ఏ హెల్ప్‌లైన్ అన్నది క్లాసు మొదలయ్యేటప్పటికే బోర్డు మూలన రాసి ఉంచండి. చివర్లో రాస్తే, రాసుకుంటున్న పిల్ల వైపు అందరూ చూస్తారు.

"ఎంతమంది వాడతారనుకుంటున్నారు" అని అడిగి అసలు సంఖ్య చూపించే పద్ధతి బాగా పనిచేస్తుంది, పిల్లలు దాదాపు ఎప్పుడూ ఎక్కువే ఊహిస్తారు. కానీ ఆ అసలు సంఖ్య నమ్మదగిన పెద్ద సర్వే నుంచి తీసుకోండి. సొంత క్లాసులో లెక్క తీయకండి. 40 మందిలో ముగ్గురని తేలితే ఆ ముగ్గురెవరో సాయంత్రానికి అందరికీ తెలుస్తుంది. మీ ప్రాంతంలో వాడకం నిజంగానే ఎక్కువుంటే ఈ పద్ధతి వదిలేయండి, "అబ్బో, ఇంతమందా" అన్న ఎదురు ఫలితం వస్తుంది.

తప్పు జరిగే చోట్లు మరికొన్ని. గంభీరమైన సన్నివేశంలో నవ్వు వస్తుంది. కోప్పడకండి, సగం నవ్వు ఇబ్బంది వల్ల. ఆపి "ఇది చూడ్డం కష్టంగా ఉంది కదా" అంటే చాలు. "సార్, మీరెప్పుడైనా తాగారా?" అని అడుగుతారు. అవునన్నా కాదన్నా చిక్కే. "ఇవాళ ఎవరి సొంత విషయాలూ వద్దనుకున్నాం, నావి కూడా" అనండి. ఒకరు మౌనంగా బయటికి వెళ్లిపోతే వెంటపడకండి, ఇంట్లో ఆ సమస్య ఉండొచ్చు. క్లాసయ్యాక ఒంటరిగా, మామూలుగా పలకరించండి. అలాంటి పిల్లలు క్లాసులో ఉన్నారనుకునే మాట్లాడండి. "తాగుబోతు", "గంజాయి బ్యాచ్" లాంటి మాటలు వాళ్ల నాన్నకో అన్నకో తగులుతాయి, ఇక సాయం కోసం మీ దగ్గరికి రారు.

16 దాటినవాళ్లకైతే అత్యవసర పరిస్థితి మీద ఒక ప్రత్యేక క్లిప్ తప్పక వేయండి. ఇక్కడ వీడియోకు సాటి లేదు, ఎందుకంటే పక్కకు తిప్పి పడుకోబెట్టడం మాటల్లో చెబితే రాదు. పలకకపోవడం, ఊపిరి చాలా నెమ్మదించడం లేదా గురకలా రావడం, పెదాలు నీలం కావడం, ఓపియాయిడ్ (హెరాయిన్, మార్ఫిన్ లాంటివి) అయితే కంటిపాపలు సూదిమొనంత కావడం, వీటిలో ఏది కనబడినా అంబులెన్స్‌కు ఫోన్ చేయాలి. ఊపిరి ఆడుతుంటే ఒక పక్కకు తిప్పాలి, వాంతి గొంతులోకి పోకుండా. ఆడకపోతే ఫోన్లో చెబుతున్నట్టు సీపీఆర్ (ఛాతీ మీద లయగా నొక్కడం) మొదలుపెట్టాలి. నిద్రపోనిస్తే తేరుకుంటాడని వదిలేయకూడదు. తాగడం ఆపేశాక కూడా రక్తంలో మద్యం కొంతసేపు పెరుగుతూనే ఉంటుంది. కాఫీ, చన్నీళ్లు, నడిపించడం ఏదీ పనిచేయదు. నాలోక్సోన్ అనే విరుగుడు మందు ఓపియాయిడ్ల మీదే పనిచేస్తుంది, మద్యం మీద, నిద్రమాత్రల మీద కాదు. దాని ప్రభావం 30 నుంచి 90 నిమిషాల్లో తగ్గిపోతుంది కాబట్టి మనిషి లేచి కూర్చున్నా ఆస్పత్రికి వెళ్లాల్సిందే. వీడియో చూశాక నేల మీద జంటలుగా చేయించండి. "మనకు తిట్లు పడతాయేమో" అన్న భయంతో ఫోన్ చేయడం ఆలస్యమైన చోటే ప్రాణాలు పోతాయి, ఈ మాట క్లిప్‌లో లేకపోతే మీరు చెప్పండి.

పిల్లల చేతే వీడియో తీయిద్దామని కొందరంటారు. మంచిదే, కానీ వదిలేస్తే అందరూ శవాన్నీ పౌడర్‌నూ తీస్తారు. షరతులు పెట్టండి: 60 సెకన్లు, ఏ పదార్థమూ తెర మీద కనబడకూడదు, కథంతా ఒక్క నిర్ణయం చుట్టూ ఉండాలి. స్క్రిప్ట్ చూశాకే కెమెరా.

ఫలితం తెలియాలంటే "నచ్చిందా" అని అడగకండి. క్లాసుకు ముందు, వెంటనే తర్వాత, మూడు నెలలకు అవే ఐదు ప్రశ్నలు ఇవ్వండి. రెండు నిజాల మీద, ఒకటి ఎంతమంది వాడతారన్న ఊహ మీద, ఒకటి "ఇలా అంటే ఏమంటావు", ఒకటి సాయం కోసం ఎవరి దగ్గరికి వెళ్తావన్నది. మూడో నెలలో నాలుగో ప్రశ్నకు జవాబులు ఖాళీగా ఉంటే సాధన సమయం చాలలేదని అర్థం.

మీ దగ్గరున్న డాక్యుమెంటరీని పారేయక్కర్లేదు. అందులో కుటుంబం మాట్లాడే భాగమో, చికిత్స ఎలా జరుగుతుందో చూపే భాగమో ఉంటే అది తల్లిదండ్రుల సమావేశానికి బాగుంటుంది. పిల్లలకు వాడాలనిపిస్తే ఎవరూ డ్రగ్స్ వాడని, సంభాషణ మాత్రమే ఉన్న 3 నిమిషాలు వెతికి, మొదలు, ముగింపు సమయాలు కాగితం మీద రాసుకోండి. అనుమతి ఉంటే ఫైల్‌గా దించుకుని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. నేరుగా నెట్‌లోంచి వేసేటట్టయితే ఆటోప్లే ఆపండి, కామెంట్లు కనబడకుండా ఫుల్ స్క్రీన్ చేశాకే ప్రొజెక్టర్ ఆన్ చేయండి. వెనక బెంచీ దగ్గర నిలబడి ఒకసారి శబ్దం వినండి, సబ్‌టైటిల్స్ అక్కడినుంచి చదవగలుగుతున్నారో లేదో చూడండి.